ఎడమ పట్టీ అర ఇంచు ఎక్కువ

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి బయటికి వెళ్లిపోయే మనిషిని నేను. పాతికేళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాను. టేపు పెడితే కొలతకు వచ్చేదే ఉందంటాను, రానిది లేదంటాను. మా అమ్మ పోయినప్పుడు పిండం కాకి ముట్టలేదని ఇంట్లో అందరూ బెంగపెట్టుకుంటే, ఈ ఎండకు కాకులేం వస్తాయి అని తిట్లు తిన్నవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా ఒక కొలత సంగతే. కాబట్టే రాయగలుగుతున్నాను.

రెండువేల ఐదో, ఆరో. ఎండాకాలం. అప్పట్లో నా షాపు వనపర్తిలో కొత్తకోట రోడ్డు మీద ఉండేది. ఒక వెల్డింగ్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషను, ముందు రేకుల పందిరి. అంతే.

కొల్లాపూర్ నుంచి రాఘవులు సారు వచ్చారు. ఆయనకు అక్కడ మామిడి తోట ఉంది. తోటలో తిరగడానికి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటి ఉండేది. దాని ఇంజన్ పోయింది. గద్వాలలో ఒక మెకానిక్ బాగుచేస్తానన్నాడట. అక్కడిదాకా దాన్ని లాక్కెళ్లాలి.

"తాడు కట్టి గుంజుకపోవచ్చు గద సారు" అన్నాను.

"తాడు కడితే స్టీరింగ్ మీద ఒక మనిషి కూసోవాలె. చచ్చిన బండికి బ్రేకు సక్కగ పడదు. గట్ల ఒకాయన కాలు విరిగితే నేనే దవాఖానకు తీస్కపోయిన. నేను మనిషిని కూసోబెట్ట."

తన బండిలోంచి ఒక టో బార్ దించారు. ముందు ఒకే కొన, వెనక్కి రెండు కాళ్లుగా విడిపోయిన బరువైన ఇనుప చట్రం. హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. ముందు కొన లాగే బండికి, రెండు కాళ్లు జీపు ముందు భాగానికి తగిలిస్తే, జీపు నాలుగు చక్రాల మీదే ఖాళీగా వెనకాల వస్తుంది. అయితే ఆ కాళ్లు వేరే బండి కోసం చేసినవి. ఈ జీపుకు తగలాలంటే మధ్యలో రెండు అడాప్టర్లు కావాలి. బంపర్ వెనక ఉండే ఛాసిస్ కొనలకు బోల్టులతో బిగించే మందపాటి ఇనుప పట్టీలు, ఒక్కోదానికి పిన్ను దూరే చెవి.

సారు కొలతలు కాగితం మీద రాసుకొచ్చారు. రెండు పక్కలా ఒకటే కొలత. బంపర్ బోల్టులు తుప్పుపట్టి రాలేదని, విప్పకుండానే కొలిచానని చెప్పారు. ఏ జీపుకైనా రెండు కొనలూ సమానంగానే ఉంటాయి కదా అని నేనూ ఇంకేమీ అడగలేదు.

మరునాడు పొద్దున పదకొండు ప్రాంతంలో పట్టీలు కోయడానికి గుర్తులు పెట్టుకుంటున్నాను. పక్కన ఎస్టీడీ బూత్ నడిపే సుజాత పిలిచింది. నా షాపులో ఫోన్ లేదు. బోర్డు మీద ఆమె నంబరే రాయించుకున్నాను.

"సత్తెన్నా, నీకు ఫోన్. ఎవరో పెద్దాయన."

వెళ్లి రిసీవర్ తీసుకున్నాను.

"రాఘవులు సారు జీపుకు పట్టీలు చేస్తున్నవు గద" అన్నాడు అవతలి మనిషి.

అవునన్నాను.

"ఎడమ దిక్కుది అర ఇంచు ఎక్కువ పెట్టు. స్వల్ప కూడ తగ్గియ్యకు."

"సారు రెండు ఒకటే రాసిచ్చిండు."

"సారుకు తెల్వదు. నేను చెప్పలే. బంపర్ ఇప్పితే నీకే కనవడ్తది."

పేరు అడిగేలోపే పెట్టేశాడు. గొంతులో తొందర లేదు. మాట సాఫీగా ఉంది. తోటలో పనిచేసే డ్రైవరు ఎవరో మళ్లీ కొలిచి ఉంటాడు, సారుకు ఇంకా చెప్పి ఉండడు అనుకున్నాను. మరిచిపోతానని రేకు తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నాను. అయినా నమ్మకం కుదరక ఎడమ పక్కకు రెండు పట్టీలు చేశాను. ఒకటి సారు కొలతకు, ఒకటి ఫోన్ కొలతకు.

మూడోరోజు సామాను వేసుకుని బస్సులో కొల్లాపూర్ పోయాను. జీపును మామిడిచెట్ల నీడలో నిలబెట్టారు. బంపర్ బోల్టులకు కిరోసిన్ పోసి చూశాను, కదల్లేదు. చివరికి కోసేశాను. బంపర్ కిందికి దించేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది.

కుడి పట్టీ మామూలుగానే కూర్చుంది. ఎడమ పక్క ముందు సారు కొలతతో చేసినది బిగించాను. బార్ కాలు, పట్టీ చెవి కలవలేదు. పిన్ను పోవలసిన రెండు రంధ్రాల మధ్య తేడా వచ్చింది. టేపు పెట్టాను. అర ఇంచు.

కిందికి వంగి చూశాను. ఎడమ ఛాసిస్ కొన వెనక్కి నొక్కుకుపోయి ఉంది. ఎప్పుడో గట్టి దెబ్బ తగిలింది. మడత మీద పాత తుప్పు పొర. బంపర్ వంకర కనిపించకుండా ఆ పక్కన మాత్రం నాలుగు మందపాటి వాషర్లు ఒకదాని మీద ఒకటి వేసి బిగించారు. పైనుంచి రంగు కొట్టారు. బంపర్ విప్పకుండా ఆ సంగతి ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఆ బంపర్ నా చేతుల్లో అప్పుడే ఊడింది.

రెండో పట్టీ బిగించాను. పిన్ను వేలితో నెడితే లోపలికి పోయింది.

స్పానర్ కింద పడితే తీసుకోలేదు.

సారు పక్కనే నిలబడి వాషర్ల వంక చూస్తున్నారు. "ఇదెప్పుడు జరిగింది? నాకు తెల్వనే తెల్వదు" అన్నారు. తర్వాత నా చేతిలో మిగిలిన పట్టీని చూశారు. "రెండు తెచ్చినవేంది? నీకెట్ల తెలుసు?"

"మీ డ్రైవరు ఫోన్ చేసిండు సారు."

"నాకిప్పుడు డ్రైవరే లేడు సత్తయ్యా."

ఫోన్‌లో విన్నది విన్నట్టు చెప్పాను. 'స్వల్ప' అన్న మాట దగ్గర ఆయన నన్ను ఆపారు.

"ఏమన్నడు? మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆయన మెల్లగా వచ్చి జీపు చక్రం పక్కన నేలమీద కూర్చున్నారు. అంత పెద్దమనిషి అట్లా మట్టిలో కూర్చోవడం నేను చూడలేదు.

"మౌలాలి ఒక్కడే గట్ల అంటుండె" అన్నారు. "రాయచూరు దిక్కోడు, కొంచెం అననీకి కన్నడంల లెక్క స్వల్ప అంటడు. పద్దెనిమిదేండ్లు ఈ జీపు నడిపిండు."

"అయితే ఆయనే చేసి ఉంటడు సారు."

"వానికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలాయె. మాట పడిపోయింది. నాగర్‌కర్నూల్ల బిడ్డ ఇంట్ల మంచాన ఉన్నడు. పోయినవారమే చూసొచ్చిన. జీపు గద్వాలకు గుంజుకపోతున్న, వనపర్తిల నీతోని పట్టీలు చేయిస్త అని చెప్పిన. వాడు మూలిగిండు. ఏడుస్తుండు అనుకున్న."

మిట్టమధ్యాహ్నం, మామిడి కాయలు కోసే కూలీలు దగ్గరలోనే మాట్లాడుకుంటున్నారు. ఆ వెలుగులో నాకు వేసిన భయం మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

ఆ రోజు జీపును కదిలించలేదు. మరునాడు ఇద్దరం నాగర్‌కర్నూల్ పోయాం. చిన్న ఇల్లు, ఇంట్లో ఫోన్ లేదు. మౌలాలి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయవు. నోరు ఒక పక్కకు పోయింది. ఆయన భార్య మహబూబీ మంచం కోడు పట్టుకుని నిలబడింది.

సారు మంచం మీదికి వంగి, "బంపర్ ఇప్పినం మౌలాలీ" అన్నారు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండు చెంపల మీదుగా నీళ్లు కారాయి.

"నాకు చెప్తే నేనేమన్న అంటుంటినా" అన్నారు సారు.

నేను నా పేరు చెప్పాను. వనపర్తి వెల్డింగ్ షాపు నాదే అన్నాను. మౌలాలి నన్ను చాలాసేపు చూశాడు. నోరు తెరిచాడు. ఒక శబ్దం వచ్చింది, మాట రాలేదు. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి, బొటనవేలు, చూపుడువేలు కొంచెం ఎడంగా పెట్టి చూపించాడు. టేపు నా జేబులోనే ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదు.

రెండు రోజుల తర్వాత జీపును గద్వాలకు తీసుకుపోయాం. నేను ముందు బండి వెనక తొట్టిలో కూర్చుని దారిపొడుగునా ఆ పిన్నునే చూశాను. కృష్ణ వంతెన మీద కూడా బార్ పక్కకు జరగలేదు. నా అలవాటు నాకు తెలుసు. ఫోన్ రాకపోయి ఉంటే, కలవని రంధ్రాల్లోకి పిన్నును సుత్తితో కొట్టి ఎక్కించేవాణ్ని. అది ఆ దారిలో ఎక్కడో ఒకచోట తెగేది. ఖాళీ జీపు ఎవరి మీదికి పోయేదో తెలియదు.

ఎవరైనా మౌలాలికి బదులు మాట్లాడారేమో అని చాలా వాకబు చేశాను. భార్యకు, బిడ్డకు ఆ దెబ్బ సంగతే తెలియదు. తోటలో ఒంటరిగా ఉన్నప్పుడు గుద్ది, తనే సర్ది ఉంటాడని సారు అన్నారు. అల్లుడు ఆటో నడుపుతాడు. అతని గొంతు సుజాతకు వినిపించాను, కాదంది. వచ్చిన ఫోన్ ఎక్కడిదో ఆ బూత్‌లో తెలుసుకునే వీలు లేదు. మాట పడిపోకముందు మౌలాలి ఇంకెవరికైనా చెప్పాడేమో. చెప్పినా, ఆ మనిషి అదే మాట వాడుతూ, నేను ఇనుము కోసే గంటకే ఎందుకు చేస్తాడు?

ఆ చలికాలంలో మౌలాలి పోయాడు. మాట రాకుండానే పోయాడు. సారుతోపాటు నేనూ వెళ్లాను. అందరూ కదిలాక మహబూబీ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"బేటా, నువ్వు ఫోన్ల ఇన్నవంట గద. గొంతు ఎట్లుండె?"

అది ఆయనే అని నేను ఒప్పుకోలేను. ఇంకెవరని చెప్పను?

"సాఫ్ గ ఉండె అమ్మా" అన్నాను. "తక్లీఫ్ ఏం లేకుండ మాట్లాడిండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలు అన్నట్టు తల ఊపింది. ఆ రోజు ఆమెకు నేను నిజం చెప్పానో అబద్ధం చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.