శ్రావ్య వల, నా బుట్ట, తాతయ్య సైకిలు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారిందంటే తాతయ్య సైకిలు వెనక క్యారియర్ నాదే. సింగపూర్‌లో, పాసిర్ రిస్‌ అనే పేటలో మా బ్లాకు నుంచి సముద్రం దాకా, ఒక చేత్తో తాతయ్య చొక్కా, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని కూర్చునేదాన్ని. బకెట్టులో నైలాను తాడు, కోడి మెడలు... పీతలు పట్టడానికి.

తాతయ్య సింగపూర్‌లోనే పుట్టాడు. వాళ్ల నాన్న ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. అందుకే తాతయ్య తెలుగులో మలయ్ మాటలు బోలెడు. పీతల బోనును ‘బుబు’ అనేవాడు. జెట్టీ మీద ఆయన బుబు తాడు పట్టుకోవడం వరకే నా ఉద్యోగం. “పదేళ్లు రానీ, నీ బుబు నువ్వే ఎంచుకుందువు గాని” అనేవాడు.

కంప్యూటర్ ఉద్యోగాలకని హైదరాబాదు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతున్న రోజులవి. ఒకరోజు మా లిఫ్టులో తెలుగు వినపడింది... ఇంకేముంది, ఆ సాయంత్రానికి వాళ్లంతా మా ఇంట్లో కాఫీ తాగుతున్నారు. వాళ్లమ్మాయి పేరు శ్రావ్య. నాకంటే ఏడాది చిన్నది, పుల్లలా ఉండేది. వారం తిరక్కుండానే మా తాతయ్యను “తాతయ్యా” అని పిలవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది. పెద్దవాళ్లందరినీ అంకుల్ అనే ఊళ్లో, ఈ ఒక్కాయన్నే తాతయ్య అనాలా?

నాకు పదేళ్లు నిండాక తాతయ్య నన్ను గాలాలు, వలలు అమ్మే కొట్టుకు తీసుకెళ్లాడు. శ్రావ్యను కూడా.

“నాట్ ఫేర్ లా, తాతయ్యా. దానికి ఇంకా పదేళ్లు రాలేదు” అన్నాను, మా సింగపూర్ ఇంగ్లీషు కలిపి.

“ఒక్కద్దీ ఇంట్లో కూకుని ఏం చేస్తాది, పాపం” అన్నాడు తాతయ్య.

పాపమట.

కొట్లో గోడ నిండా బుబులు... ఇనప కమ్మీల డబ్బాలు, గొడుగులా మడిచే వల బుట్టలు, చక్రానికి వల కుట్టిన రింగులు. ఏది మంచిదో తాతయ్య చెప్పడు. అది వాళ్ల నాన్న నాటి నుంచీ వస్తున్న పద్ధతి. కొత్తగా పట్టేవాళ్లు తమ బుబు తామే ఎంచుకోవాలి, ఏడాది దాకా మార్చకూడదు. దానికి తాతయ్య ఇంకోటి కలిపాడు. “ఎవరి బుబులో మంచి పీత పడితే వాళ్లే ఇంటికి సైకిలెక్కుతారు. రెండోవాళ్లు బకెట్టు అట్టుకుని నడవాల.”

అంటే నా క్యారియర్‌ను పందెంలో పెట్టాడన్నమాట.

నేను అన్నిటికంటే పెద్ద బుట్ట ఎంచుకున్నాను. ఆకుపచ్చది, చుట్టూ వెడల్పాటి మూతులు... ఎన్ని మూతులుంటే అన్ని పీతలు వస్తాయని నా లెక్క. శ్రావ్య రింగు పట్టుకుంది. “డబ్బాలో పడితే చెయ్యి పెట్టి తియ్యాలి కదా తాతయ్యా, నాకు భయమైతది. దీంట్లోంచి బకెట్‌లో దులిపేయొచ్చు” అంది. పిరికిదని లోలోపల నవ్వుకున్నాను.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. నా బుట్టలోకి పీతలు ఒక మూతిలోంచి వచ్చేవి, ఎర తినేసి ఇంకో మూతిలోంచి దర్జాగా వెళ్లిపోయేవి. మిగిలేవి పిల్ల పీతలు. వాటిని తాతయ్య నీళ్లలో వదిలేయమనేవాడు, లెక్కలోకి రావు. రింగు అలా కాదు. నీటి అడుగున పరుచుకుని ఉంటుంది, పీత మధ్యలో ఎర తింటుండగా చటుక్కున పైకి లాగాలి. శ్రావ్య ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదు, ఊరికే లాగుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ వలకు కావలసిందే అది!

పైగా వాళ్లు శాకాహారులు... శ్రావ్య కోడి మెడ ముట్టుకోదు. తాతయ్యే ముడేసి కట్టిచ్చేవాడు. నేను ఐదేళ్లప్పుడు అడిగితే, “నేర్చుకో” అని తాడు నా చేతికిచ్చిన మనిషి!

వారం వారం అదే వరస. ముందు సైకిలు మీద తాతయ్య, వెనక ఆయన చొక్కా పట్టుకుని శ్రావ్య. వాళ్ల వెనక బకెట్టు మోస్తూ నేను... అందులో ఆవిడగారి పీత. ఆ పీత వాళ్లు తినరు కాబట్టి కూర మా ఇంట్లోనే. అమ్మ మిరియాలు దంచి వండేది. ఎంత రుచిగా ఉండేదో... అదీ మంటే నాకు.

ఏడాది గడిచింది. శ్రావ్య వాళ్ల నాన్నకు సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తన రింగు నాకిచ్చేసింది. మరుసటి ఆదివారం దానితోనే నీలం కాళ్ల పీత పడింది... చేటంత! నా సంతోషం చెప్పలేను.

“ఎక్కమ్మా, ఇయ్యాల నీదే” అన్నాడు తాతయ్య.

ఎక్కాను. రెండు పాదాలూ నేలకు ఆనాయి. ముడుచుకుని కూర్చున్నా, చెప్పులు రోడ్డు మీద ఈడ్చుకుపోతున్నాయి. తాతయ్య నాలుగు తొక్కులు తొక్కి, రొప్పుతూ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి నా కాళ్ల వంక చూశాడు.

“పెద్దదానివైపోయావే” అన్నాడు.

దిగి, బకెట్టు క్యారియర్ మీద పెట్టి, ఇద్దరం సైకిలు నడిపించుకుంటూ వచ్చాం. నేను కూర్చోగలిగిన ఆఖరి ఆదివారాలన్నీ శ్రావ్య కూర్చునేసింది.

ఇప్పుడు అక్కడి పిల్లలు ఫోన్ చూపించి ఎవరి అద్దె సైకిలు వాళ్లు తీసుకుంటున్నారు. వెనక క్యారియర్లే లేవు, ఇక గొడవెక్కడిది... చొక్కా పట్టుకోవడం ఎక్కడిది...

మొన్న తాతయ్య ఫొటో ఒకటి దొరికితే ఇక్కడే, ఈ పేజీలో పెట్టాను. సిడ్నీ నుంచి శ్రావ్య కింద రాసింది... “మా తాతయ్య. ఆ సైకిల్ వెనక కూర్చుంటే చొక్కాలోంచి సబ్బు వాసన వచ్చేది, గుర్తుందా?”

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

మీ తాతయ్యనో, అమ్మమ్మనో ఇలా ఎవరైనా పంచుకుపోయారా? ఉంటే కింద రాయండి... కుళ్లుకోవడంలో నాకు తోడుంటారు.