కడవ మోసిన మగవాడు

“నీళ్ళు తాగినావామ్మా?” అని యోబు అయ్యగారు అడిగారు. “తాగితినయ్యా, మీరు పండుకోండి” అన్నాను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. బద్వేలు పక్క మా పల్లెలో ఆయన చర్చి ఉపదేశి. తాను ఒక గుక్క మింగలేని రోజు కూడా, చూడవచ్చిన నన్ను అట్లా అడిగారు.

పక్కింటి టీవీలో కత్తులు ఖణేల్‌ఖణేల్‌మంటుంటే ఈ పొద్దు ఆయన గుర్తుకొచ్చారు. నాకు సంతకం వరకే వచ్చు. మా తమ్ముని మనవరాలు రూతమ్మను కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది.

నా పెళ్ళయిన కొత్తలో ఊరి బయట గుడారం వేసి సినిమాలు ఆడించేవాళ్ళు. అన్నీ కత్తియుద్ధాలే. మా ఆయన దేవదానం ఒక్కటీ వదిలేవాడు కాదు. మరునాడు చేలో జొన్నదంటు తిప్పేవాడు, మీసం దువ్వేవాడు, నన్ను పిలిచే గొంతు కూడా మార్చేవాడు. నాకు నవ్వొచ్చేది, లోపల భయమూ ఉండేది. అదే ఊళ్ళో అయ్యగారు, భార్య పక్షవాతంతో పడిపోతే, ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుంచి కడవ భుజాన పెట్టుకుని నీళ్ళు తెచ్చేవారు. మా సీమలో మగవాడు కడవ ఎత్తడమంటే మీసం గొరిగించుకోవడమే. చావిడి అరుగు మీదివాళ్ళు చీర కట్టుకోమని ఎగతాళి చేసేవారు, వాళ్ళతో మా ఆయనా నవ్వేవాడు. అయ్యగారు కడవ దించకుండానే, “చీర ఉంటే ఇయ్యండప్పా, ఇంట్లో ఆమెకు పనికొస్తాది” అనేవారు.

నేను నిండు నెలలతో ఉన్న ఎండాకాలం, చెలమ దగ్గర వంతు కోసం మాటామాటా పెరిగి, పెద్దింటి మనిషి ఒకడు నా కడవను తన్ని పగలగొట్టాడు. ఏడుస్తూ ఇంటికొచ్చాను. మా ఆయన చూరులోంచి కొడవలి లాగాడు. అక్కడ వాని పక్క పదిమంది ఉన్నారు. నరికితే జైలు, నరికించుకుంటే గుంత. కడుపులో బిడ్డకు తండ్రి ఉండడని కాళ్ళు పట్టుకున్నాను. విదిలించుకుని వాకిలి దాటాడు. ఎదురుగా అయ్యగారు, భుజాన నీళ్ళ కడవ.

“అడ్డం తప్పుకోండయ్యా. ఈ పొద్దు పోకపోతే నేను మొగోన్నే కాదు.”

“సినిమాలో వాడు పదిమందిని నరుకుతాడు గదప్పా. వాని పెండ్లాం తాగే నీళ్ళు ఎవురు తెస్తారు?”

అయ్యగారు మెల్లగా చెప్పారు. సిలువకు ముందు ప్రభువు, పండగ భోజనానికి ఇల్లు చూడమని శిష్యులను పంపుతూ, నీళ్ళ కుండ మోసే మగవాడు ఎదురవుతాడు, అతని వెంట పొమ్మన్నాడట. ఆ రాత్రే తనకోసం కత్తి దూసిన శిష్యుణ్ణి మాత్రం ఆపేశాడట.

“కత్తి పట్టినోన్ని వద్దన్నాడు, కుండ మోసేటోని వెంట పొమ్మన్నాడు. ఊరు నవ్వితే ఓర్చుకునేదానికి శానా గుండె కావల్ల దేవదానం. నీకుండాదా?”

అంటూనే తన కడవను మా ఆయన భుజాన పెట్టారు. ఒంటిచేత్తో అది నిలవలేదు. జారబోతుంటే కొడవలి వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు. చావిడి ముందు నుంచే అయ్యగారింటికి మోసుకుపోయాడు. అందరూ నవ్వారు. మా ఆయన ఆగలేదు. మరునాడు ఇద్దరూ కడవలెత్తుకుని చెలమకు పోయి మా వంతు దగ్గర నిలబడ్డారు. తన్నినవాడు నవ్వాడు గానీ మా వంతు లాక్కోలేకపోయాడు.

సినిమా వీరులకు ధైర్యం లేదని నేననను. కాకపోతే వాళ్ళ ధైర్యానికి ఎప్పుడూ చప్పట్లుంటాయి. మా ఆయన ముగ్గురు బిడ్డల్ని పెంచి, ముసలితనంలో మంచం మీదే పోయాడు. నేను విధవనయ్యాను గానీ ఆ ఎండాకాలంలో కాలేదు. మధ్య ఏళ్ళన్నీ అయ్యగారి చేతిమీదుగా దేవుడిచ్చినవేనని రోజూ ప్రార్థనలో చెప్పుకుంటాను.

ఏదీ రూతమ్మా, మొదటి నుంచి చదువు. అయ్యగారి మాటలు నేను చెప్పినట్టే పెట్టినావో, చదువుకున్నదానివని దిద్దినావో విందాం.