రిహార్సల్ కల్నల్ గారు

కల్నల్ గారికి ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా ముందురోజు ఒకసారి చేసి చూసుకుంటే తప్ప అసలు రోజున చెయ్యలేరు. ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ రిహార్సల్ కల్నల్ గారే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఆ ఇంటి కోడలు పెట్టె పట్టుకుని గుమ్మం దిగితే చాలు, ఎదురింటి హెడ్మిస్ట్రెస్ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇది అసలు ప్రయాణమా, రిహార్సలా?" అని అడుగుతారు.

కోడలికి ఈ సంగతి కాపురానికి వచ్చిన నెలలోనే బోధపడింది. అందరూ కలిసి రైల్లో వేరే ఊరు వెళ్ళాలి. ముందురోజు పొద్దున్నే హాల్లో పెట్టెలు కట్టి ఉన్నాయి.

"ప్రయాణం రేపు కదా మావయ్యగారూ?"

"ప్రయాణం రేపే అమ్మాయ్. ఇవాళ రిహార్సల్. చెప్పులేసుకో."

మూడు పెట్టెలు, ఒక పరుపుచుట్ట, మంచినీళ్ళ కూజాతో సహా ఇంటిల్లిపాదీ స్టేషన్‌కి నడిచారు. రైలొచ్చింది. ముందు ఎవరెక్కాలి, ఏ పెట్టె ఎవరందుకోవాలి, కూజా ఎవరి ఒళ్ళో ఉండాలి, అన్నీ కల్నల్ గారు స్వయంగా చేసి చూపించారు. చూపిస్తూ చూపిస్తూ రైలెక్కేశారు. రైలు కదిలింది. మూడు పెట్టెలూ పరుపుచుట్టా ప్లాట్‌ఫారం మీద, కల్నల్ గారూ కూజా రైల్లో. సాయంత్రానికెప్పుడో ఇల్లు చేరారు. "చూశారా, ఇదే రేపు జరిగుంటే ఎంత అప్రదిష్ట," అన్నారు ఏమాత్రం సిగ్గుపడకుండా. అత్తారింట్లో అప్పటిదాకా ఒక్కసారీ నవ్వని కొత్తకోడలు ఆ పూట పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఈ అలవాటు ఆయనకి ఉద్యోగంలో అబ్బింది. మిలటరీలో ఆయనది వంతెనలు కట్టే దళం. నది మీద ఇనప వంతెన వెయ్యాలంటే, ముందు అదే వంతెనని ఎండిన మైదానంలో మొత్తం కట్టి, మళ్ళీ ముక్కముక్కా విప్పుతారు. చుక్క నీరు లేని చోట ముప్పై ఒక్క ఏళ్ళు వంతెనలు కట్టిన మనిషికి, ప్రయాణం లేని రోజున పెట్టెలతో స్టేషన్‌కి వెళ్ళి రావడం వింతగా ఎందుకుంటుంది?

అసలు వింత ఇంకొకటి ఉంది. ఇంత రిహార్సల్ పిచ్చి ఉన్న మనిషి ఒక్క రిహార్సలూ సవ్యంగా చేసిన పాపాన పోలేదు. అత్తయ్యకి పన్ను తీయించాల్సి వచ్చినప్పుడు ఏమైందో వీధంతా ఎరుగుదురు. ఆవిడకి డాక్టరంటేనే వణుకు. కల్నల్ గారు పడక్కుర్చీ హాలు మధ్యకి లాగించి, కొడుకు చేతికి చెంచా ఇచ్చి డాక్టర్ని చేశారు. కింది వాటాలో ఉండే అసలు పళ్ళ డాక్టర్ని పిలిచి పర్యవేక్షకుడిగా కూర్చోబెట్టారు. "ముందు నన్ను చూసి నేర్చుకోవోయ్," అని భార్యతో చెప్పి తనే నోరు తెరిచారు. చెంచా తగిలిందో లేదో, కొడుకు వేలు కొరికేశారు.

"నా సర్వీసులో ఇంత చెడ్డ పేషెంటుని చూళ్ళేదండీ," అన్నాడు పళ్ళ డాక్టరు.

మర్నాడు అత్తయ్య దర్జాగా వెళ్ళి పన్ను తీయించుకుని వచ్చింది. ఇస్త్రీ అతను మాత్రం బట్టలివ్వడానికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మిలటరీలో ఈయన్ని ఎట్లా భరించారమ్మా?"

కోడలికీ అదే అనుమానం. అందుకే లైబ్రరీ నుంచి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చినప్పుడు దాన్ని బియ్యం డబ్బా కింద దాచేసింది.

ఆమె లైబ్రరీ సైన్సు చదివింది. ఆ చదువంటే ప్రాణం. కానీ నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళు బల్లకి అవతల కూర్చుంటే చాలు, గొంతుకి తాళం పడిపోయేది. మొదటి ఇంటర్వ్యూలో కన్నతండ్రి పేరు గుర్తుకు రాలేదు. రెండోదాంట్లో నమస్కారం పెట్టి, అడిగిన ప్రతిదానికీ మళ్ళీ నమస్కారమే పెట్టి వచ్చింది. ఇది మూడోది, ఆఖరిది కూడా. వచ్చే నెలకి వయసు దాటిపోతుంది, ఇక ఏ లైబ్రరీ ఆమెని పిలవదు.

బియ్యం డబ్బా ఎంతసేపు ఆగుతుంది? మూడోరోజుకల్లా ఉత్తరం కల్నల్ గారి చేతిలో ఉంది.

"శుక్రవారం ఇంటర్వ్యూ. అంటే మంగళ, బుధ, గురువారాలు రిహార్సల్. బోర్డుని నేను చూసుకుంటా."

"వద్దు మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలు కిందటిసారి పెట్టావుగా అమ్మాయ్. ఈసారి జవాబులు చెబుదువుగాని."

భోజనాల బల్ల చుట్టూ బోర్డు కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ గారు, పళ్ళ డాక్టరు, ఇస్త్రీ అతను. మధ్యలో సూటూ బూటూ పతకాలతో అధ్యక్షులు కల్నల్ గారు. కోడలు గుమ్మంలో కాలు పెట్టగానే యథాప్రకారం గొంతు ఎండిపోయింది. అధ్యక్షులు ఫైలు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, గంభీరంగా మొదటి ప్రశ్న వేశారు.

"పశువుల డాక్టరీ ఎక్కడ చదివారు?"

"పశువులు కాదండీ, పుస్తకాలు. మీరు చూస్తున్నది కూరగాయల చీటీ. నా దరఖాస్తు మీ మోచెయ్యి కింద ఉంది," అంది కోడలు విసుగ్గా. అధ్యక్షుల్నే సరిదిద్దానన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. తర్వాత ఇస్త్రీ అతను, "నేను చొక్కాలు కలిసిపోకుండా కాలరు మీద గుర్తెడతా. మరి మీరు?" అని అడిగితే పుస్తకాలకి నంబర్లెలా వేస్తారో పావుగంటసేపు విడమర్చి చెప్పింది.

బుధవారం అధ్యక్షులు ప్రశ్న మధ్యలో నిద్రపోయి గురక పెట్టారు. బోర్డంతా పగలబడి నవ్వింది. కోడలు అన్నిటికీ జవాబులు చెప్పింది గానీ, ఆ నవ్వులు ఆమెకి గుచ్చుకున్నాయి. తన బతుకంతా ఆ ఒక్క శుక్రవారం మీద ఆధారపడి ఉంటే, వీళ్ళకి వేళాకోళమైపోయింది.

గురువారం పొద్దున, ఇక చాలించండి అని మొహం మీదే చెప్పేద్దామని మావయ్యగారి గదివైపు నడిచింది. లోపలనుంచి దభీమని చప్పుడు. తలుపు ఓరగా ఉంది. తొంగి చూస్తే, అత్తయ్య దిండు పట్టుకుని నిలబడి ఉంది. కల్నల్ గారు నేల మీద ఉన్నారు, పక్కన కుర్చీ.

"మళ్ళీ కుడివైపే పడ్డారు," అంది అత్తయ్య. "ఆ మోకాలు అసలే వాచి చచ్చింది."

"ఎడమవైపు పడితే బల్ల అడ్డమోయ్, అమ్మాయికి కనపడను. ఇంకొక్కసారి. దిండు కొంచెం ఇటు జరుపు."

లేచి, కుర్చీ నిలబెట్టి, అంచున కూర్చుని మళ్ళీ పడ్డారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి.

కోడలు గిరుక్కున వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చి పడింది. కాసేపటికి అత్తయ్య వచ్చి ఆమె మొహం చూసి, దిండు పక్కన పెట్టింది.

"చూశావా? సరే, ఎప్పుడో ఒకప్పుడు తెలియాల్సిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకీ నీలాగే గొంతు పెగిలేది కాదే. మొదటిసారి వంతెన కట్టించేటప్పుడు, అరవైమంది నిలబడి చూస్తుంటే ఆర్డరు నోట్లోంచి రాలేదట. అప్పుడు ఆ పై ఆఫీసరు, ఇంతలావు మనిషి, వెనక్కో అడుగేసి బురదగుంటలో పడ్డాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఈయన గొంతు తెరుచుకుంది. ముందురోజు సాయంత్రం ఆ పెద్దాయన కర్ర పెట్టి గుంట లోతు చూసుకున్నాడని ఎన్నో నెలలకి గానీ తెలియలేదు."

"అయితే ఆ రైలూ... వేలు కొరకడమూ..."

"రైలుకి టికెట్టు ముందే కొనుక్కున్నారు. వేలు మాత్రం కాస్త గట్టిగా కొరికారు, వాడికి పాపం నిజంగానే వాచింది."

కోడలికి కళ్ళ నీళ్ళొచ్చాయి, నవ్వూ వచ్చింది. ఈయన్ని ఇన్నాళ్ళూ చాదస్తపు మనిషి అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఏడుపు తర్వాత," అంది అత్తయ్య. "సాయంత్రం ఆయన పడగానే నవ్వాలి సుమా. లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఏదీ, ఒకసారి నవ్వి చూపించు. ఊహూఁ, అలా కాదు. ఇంకోసారి."

సాయంత్రం కల్నల్ గారు అద్భుతంగా పడ్డారు. కోడలు అంతకన్నా బాగా నవ్వింది.

శుక్రవారం అసలు బోర్డులో నలుగురున్నారు. అధ్యక్షులు ఫైలు సరిగ్గానే తెరిచారు. ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ పడిపోలేదు. నాలుగు జతల కళ్ళు తన మీద నిలిచేసరికి కోడలి గొంతుకి తాళం పడింది. రెండు చేతులూ నమస్కారానికి సిద్ధమయ్యాయి. ఇక్కడ ఎవరో ఒకరు ముందు తప్పు చెయ్యాలి, ఆ చేసే మనిషేమో ఇంటి దగ్గర మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, సర్టిఫికెట్ల ఫైలు వదిలేసింది.

కాగితాలు గదంతా పరుచుకున్నాయి. నలుగురూ ఒక్కసారే వంగారు. బల్లకింద అధ్యక్షుల తలా పక్కాయన తలా ఠంగున గుద్దుకున్నాయి.

"క్షమించండి," అంది కోడలు. "పుస్తకాలైతే ఇలా పారెయ్యను లెండి."

అధ్యక్షులు నుదురు రుద్దుకుంటూ నవ్వేశారు. ఆ తర్వాత అరగంటసేపు మాట్లాడింది ఆమే. ఒకటో తారీకున వచ్చి చేరమన్నారు.

ఇంటికొచ్చేసరికి కల్నల్ గారు వీధి గుమ్మంలోనే ఉన్నారు, వెనకే అత్తయ్య.

"గొంతు పెగిలిందా అమ్మాయ్?"

"పెగిలింది మావయ్యగారూ. ఉద్యోగం కూడా వచ్చింది. ముందు ఫైలు కింద పడింది లెండి."

"అయ్యో. చెయ్యి జారిందా?"

"లేదు. నేనే పడేశాను."

కల్నల్ గారు ఆమెని చూశారు, అత్తయ్యని చూశారు. అత్తయ్య గోడకున్న క్యాలెండరు శ్రద్ధగా చదువుతోంది. ఆయనకి విషయం అర్థమైంది.

"రిహార్సల్ లేకుండానే?" అన్నారు చివరికి.

"లేకుండానే."

ఆయన గొంతులో అసూయ తను ఆ ఒక్కసారే విన్నానని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.