పడిపోయిన మాట

ఆళ్లగడ్డలో నేను పాస్టరుగా ఉన్న సంఘంలో ఒక టీచరమ్మ ఉంది. పొలంలో మోటారు వేయబోయి ఆమె భర్త కరెంటు షాక్‌తో చనిపోయాడు. సమాధి దగ్గర ఆమె మట్టిలో పడి పొర్లుతుంటే నేనే వెళ్లి చెప్పాను.

"ఏడవగాకమ్మా. ఏడిస్తే దేవుణ్ణి నమ్మనట్టే."

ఆమె టక్కున ఆపేసింది. ఎంత విశ్వాసమో అని ఆ ఆదివారం ప్రసంగంలో మెచ్చుకున్నాను కూడా.

పది రోజులకు ఆమెకు మాట పడిపోయింది. గొంతు డాక్టరు చూసి లోపమేమీ లేదన్నాడు. నంద్యాలలో మానసిక వైద్యురాలికి చూపించమన్నాడు.

"నా కోడలికేమన్నా పిచ్చా అయ్యా? నువ్వు ప్రార్థన చెయ్యి, చాలు" అంది అత్త.

మూడు వారాలు చేశాను. మార్పు లేదు. చివరికి నేనే ఇద్దరినీ నంద్యాల బస్సెక్కించి, నేనూ ఎక్కాను.

డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి, ఆమెకు కాగితం, పెన్ను ఇచ్చింది. అరగంటకు నన్ను పిలిచింది. "మీకు చూపించమంటాండాది" అని కాగితం ముందు పెట్టింది.

"నోరు తెరిస్తే ఏడుపొస్తాది. ఏడిస్తే నమ్మనట్టని అయ్య చెప్పినాడు."

ఇరవై ఏళ్లలో ఎంతమందికి ఆ మాట చెప్పానో.

డాక్టరమ్మ తిట్టలేదు. "నేను ఏడువమంటే ఈమె వినదు. మీరంటే వింటాది. మీ వాక్యంలో ఏడ్చినోళ్లే లేరా పాస్టరుగారూ?" అంది.

డాక్టరమ్మ గుడికి వెళ్లే మనిషి, హిందువు. అయినా ఆ ప్రశ్న ఆమే నన్నడగాల్సి వచ్చింది. ప్రభువే ఏడ్చాడు, అదీ స్నేహితుడి సమాధి దగ్గరే. ఎన్నోసార్లు చదివి వినిపించిన నాకు, ఆమె భర్తను పూడ్చిన రోజు గుర్తే రాలేదు.

"నేను తప్పు చెప్పినానమ్మా. ప్రభువు గూడా ఏడ్చినాడు. నువ్వు ఏడ్చుకో" అన్నాను. అప్పటికీ టీచరమ్మ ఏడవలేదు.

వారం వారం వెళ్లాం. ఐదో వారం డాక్టరమ్మ అత్తనూ నన్నూ లోపలే కూర్చోబెట్టింది. ఆ గదిలోనే టీచరమ్మ నోట బొంగురుగా మాట వచ్చింది.

"తడి చేతుల్తో ఉండాడని తెలుసు. మోటారు ఎయ్యమన్నది నేనే అత్తా."

అత్త లేచింది. కొడుతుందేమోనని నేనూ లేచాను. ముసలామె కోడలి తల పొట్టకు అదుముకుని నిలబడింది. అప్పుడు ఏడ్చింది టీచరమ్మ.

ఇప్పుడామె మళ్లీ బడికి పోతోంది. గొంతు ఇంకా కొంచెం బొంగురే.

మొన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఎవరికో దేవుడు తనను శిక్షిస్తున్నాడని భయమట. మందులిచ్చిందట, నన్నొకసారి రమ్మంది.

"ఏం చెప్పాలో నాకు తెల్దమ్మా" అన్నాను.

"తెలియనోళ్లే కావాల. రండి" అంది.