ఫోనుకు గైర్హాజరు

మా అమ్మాయికి చదువు చెప్పిన తెలుగు బడి సారు మొన్న నిద్రలోనే పోయారు. మేం బతకడానికొచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, పొద్దున మా నవాగామ్ సందులో పాలు తెస్తుంటే పక్కింటాయన చెప్పాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోవడం ఆయనకు తగ్గట్టే ఉంది. బాధపడ్డాను గానీ, ఆయన్ను తలచుకుంటే ముందు నవ్వే వస్తుంది.

సారు జేబులో చిన్న డైరీ ఉండేది. బడికి రాని పిల్లల పేర్ల పక్కన ఎందుకు రాలేదో కూడా రాసుకునేవారు: జ్వరం, నీళ్ల వంతు, తమ్ముణ్ని ఎత్తుకుంది. తల్లిదండ్రులను పిలిచిన రోజు అవన్నీ చదివి వినిపిస్తుంటే మేం తలలు దించుకునేవాళ్లం. మార్కులు చివరికి గానీ చెప్పేవారు కాదు. అవి ముందే చెబితే తర్వాతి మాట ఎవరి చెవికీ ఎక్కదనేవారు.

కరోనాలో బడి ఫోనులోకి వచ్చింది. సాయంత్రమయ్యేసరికి తల్లిదండ్రుల గ్రూపులో క్లాసుకు రానివాళ్ల పేర్లు పడేవి. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పేరు వరసగా పన్నెండు రోజులు పడింది. నలుగురిలో పరువు పోయిందని నాకు ఒళ్లు మండింది. చదువు మాన్పించి, ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించే పనిలో పెట్టాలనుకున్నాను. సోమవారం చీరల మూట పంపమని సేఠ్‌కు చెప్పేశాను కూడా. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఎవరు చెప్పారో ఏమో, ఆదివారం సారు వచ్చి గడప బయట నిలబడ్డారు. నేను పిల్ల మీద చాడీలు మొదలుపెట్టాను. అంతా విని, క్లాసు జరిగే వేళ ఫోను ఎక్కడుంటుందని అడిగారు. నా జేబులో, నేను మరమగ్గాలు నడిపే సాంచాల కార్ఖానాలో అన్నాను. ఇంటికంతా అదొక్కటే ఫోను.

"మరి పిల్ల క్లాసుకు ఎట్లొస్తది తమ్మీ? రానిది నీ ఫోను. గైర్హాజరు దానికేస్త" అన్నారు.

అయినా మొండివాణ్ని కదా, పరీక్ష దాకా చూస్తాను, తప్పితే మూట తెప్పిస్తాను అన్నాను. సారు సరేనన్నారు. ఆ వారం నుంచి పాఠాలు కాగితాల మీద రాసి పంపారు. పిల్ల జవాబులు రాసి పంపిన ప్రతి రోజూ హాజరే వేశారు.

ఫలితాలు మాత్రం గ్రూపులో పెట్టలేదు. ఎవరి మార్కులు వాళ్లకే చెప్పాలని, నేను షిఫ్టులో ఉంటే కార్ఖానాకే వచ్చారు. సాంచాల మోతలో మాట వినపడదు, మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. సారు తండ్రి కూడా సాంచాలు నడిపినవాడే కాబట్టి ఆ సైగలు ఆయనకూ వచ్చు. మాస్కు పెట్టుకుని వాకిట్లో నిలబడి, అరచేతిలో రాస్తున్నట్టు చూపించారు: అన్నీ రాసింది. తర్వాత పది వేళ్లు చూపారు. మళ్లీ పది, మళ్లీ పది, చివరికి నాలుగు. యాభైకి ముప్పై నాలుగు. గుట్టుగా చెప్పాలని వచ్చారు గానీ, ఆ భాష కార్ఖానాలో అందరికీ వచ్చు. పక్క సాంచాల వాళ్లు నన్ను చూసి నవ్వారు.

మూట మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఆ రోజు సారు వాకిట్లో ఉండగానే దారం తెగి నా సాంచా ఒకటి ఆగిపోయింది, అయినా నేను కదల్లేదు. ఇంకోసారి చెప్పమని చేత్తో అడిగాను. సారు విసుక్కోకుండా మొదటి నుంచి మొదలుపెట్టారు. అన్నీ రాసింది. పది, పది, పది, నాలుగు.