బావగారి వలల కొట్టు, నా ఫోను నంబరు

ఈ ఉదయం గుడివాడలో మా వరండాలో కూర్చుని కాఫీ తాగబోతుండగా ఫోను ఒకసారి గొణిగి ఊరుకుంది. చూస్తే ఓటీపీ. నేను జన్మలో ఏ కొట్టూ పెట్టలేదు, ప్రభుత్వానికి అమ్మకం పన్ను కట్టేంత పుణ్యం చేసుకోలేదు. అయినా ఇన్నేళ్లుగా ఆ అంకెలు నన్నే వెతుక్కుంటూ వస్తున్నాయి. అది బందరులో మా బావగారి కొట్టు తాలూకుదని తెలుసు. ఎందుకొచ్చిందో కూడా తెలుసు, ఆ మాట ఆఖరున చెబుతాను.

మా అక్క భర్త, అంటే బావగారు, బందరులో చేపల వలలు, తాళ్లు, బెండ్లు అమ్మేవారు. నేను బీకాం పూర్తిచేసి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఎదురుచూస్తున్న రోజుల్లో ఆ కొట్లో లెక్కలు రాశాను. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పన్ను కట్టడమంటే కార్బన్ కాగితాలు పెట్టి చలానా రాసుకుని, సైకిలు మీద బ్యాంకుకు వెళ్లి వరసలో నిలబడటం. ఒకసారి గడువు ఆఖరి రోజున నేను అవనిగడ్డ నుంచి వస్తున్న బస్సు దారిలో మొరాయించడంతో, బ్యాంకుకు చేరేసరికి కౌంటరు మూసేశారు. క్యాషియరుగారు కళ్లజోడు పైనుంచి చూసి, "గడువంటే గడువేనండీ, మీ బావగారింట్లో క్యాలెండరు లేదా?" అని నలుగురిలో నన్ను కడిగేసి, ఆ తిడుతున్న నోటితోనే మా అక్క ఆరోగ్యం అడుగుతూ, సొరుగు మళ్లీ తెరిచి చలానా మీద ముద్ర కొట్టారు.

తర్వాత అన్నీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. వ్యాపారస్తుడు ఇంట్లో కూర్చునే పన్ను కట్టుకోవచ్చన్నారు. నిజమే, కట్టడం అవక చాలామంది ఇంట్లోనే కూర్చున్నారు. పేరు నమోదు చేసేటప్పుడు ఫోను నంబరు అడిగితే బావగారు నాది ఇచ్చారు. ఆయనకు ఫోను లేక కాదు. ఇంట్లో చదువుకున్నవాడి నంబరు ఇవ్వడం మా వైపు మర్యాద. ఆ మర్యాద బజారులో పాకి, పక్కనున్న ఇనుప సామాన్లవారూ, ఎదురుగా తవుడు వ్యాపారీ కూడా నా నంబరే ఇచ్చి నన్ను గౌరవించారు. మార్చుకోండయ్యా అంటే, మార్చడానికీ పాత నంబరుకే ఓటీపీ వస్తుంది కనుక ఆ గౌరవం నన్ను వదల్లేదు.

ఆ పన్నుల సైటును నేను పల్లెత్తు మాట అనను. పెద్దవాళ్లు కట్టించినది. కొన్నాళ్లకోసారి దానికి కొత్త బట్టలు తొడిగి, నిన్న కుడివైపున్న బొత్తాన్ని ఇవాళ ఎడమ మూలకు నెట్టి, మీ సౌకర్యం కోసమే అని కింద రాస్తారు. గడువు దగ్గరపడేసరికి మాత్రం తెర మధ్య ఓ గుండ్రం తిరగడం మొదలవుతుంది. మా ఊరి బియ్యం మిల్లులో చక్రం అంతసేపు తిరిగితే కాసిని గింజలైనా రాలేవి.

కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో, వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి కదిలే వారం. మంగినపూడి వైపువాళ్లూ, దివిసీమ వాళ్లూ ఏటా కొత్త వలలు బావగారి దగ్గరే తీసుకునేవారు. సరుకు సిద్ధం, వ్యాను సిద్ధం. కానీ సైటు దయవల్ల రిటర్నులు వెనకబడ్డాయి, అవి పడితేగాని వ్యానుతో పంపవలసిన బిల్లు పుట్టదు. పడవలు కదిలేలోగా వలలు చేరకపోతే ఆ ఏటి వ్యాపారం అంతటితో సరి.

వారమంతా తిరిగిన గుండ్రం, నేను మనవరాలికి చెవులు కుట్టించడానికి మోపిదేవి వెళ్లి దర్శనం వరసలో నిలబడ్డ క్షణాన ఆగింది. బావగారి ఫోను.

"ఏమోయ్, వచ్చిందా? చెప్పు, చెప్పు."

చదివాను.

"ఉండు, కాగితం ఏదీ..."

"రాసుకోకండి బావగారూ, నేరుగా కొట్టేయండి!"

"రాసుకోకపోతే ఎలాగోయ్, తప్పు పోతేనో?"

బావగారి దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ముత్యాలు పేర్చడం పూర్తయ్యేసరికి ఆ అంకెలకు ఆయుష్షు తీరింది. రెండోసారి నేను గట్టిగా చదువుతుంటే వెనకనున్న పెద్దావిడ, "టికెట్ల నంబర్లు పిలుస్తున్నారాండీ?" అని తన చీటీ వెతుక్కుంది. మూడోసారి సైటుకే అనుమానం వచ్చింది. ఇంత ఆత్రంగా పన్ను కడతాననేవాడు దొంగే అయ్యుంటాడని తలుపేసుకుని, రేపు రమ్మంది.

మర్నాడు తెరిచింది. పడవలు మాత్రం మర్నాటిదాకా ఆగలేదు. వేరే ఊరి వలలు వేసుకుని వెళ్లిపోయాయి. పన్నుల ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే అక్కడి అబ్బాయి ఎంతో మర్యాదగా, మా చేతుల్లో ఏమీ లేదండీ, సైటులోనే ఫిర్యాదు పెట్టుకోండి అన్నాడు. పెట్టాం. దానికీ ఓటీపీ వచ్చింది. మరుసటి ఏడు కొత్త కొట్టుకు అలవాటుపడ్డ పడవలవాళ్లు చాలామంది తిరిగి రాలేదు.

ఈ ఉదయం వచ్చిన ఓటీపీ, కొట్టు రిజిస్ట్రేషను రద్దు చేయమన్న దరఖాస్తుది. నేను చదివాను. ఈసారి బావగారు కాగితం అడగలేదు. సైటు మొదటిసారికే తీసుకుంది; గుండ్రం ఒక్క చుట్టయినా తిరగలేదు. ఇన్నేళ్లలో ఆ సైటు ఇంత చక్కగా పనిచేయగా చూడటం నాకు ఇదే మొదలు.

"అయిపోయిందోయ్" అన్నారు. ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టలేదు. ఆయనే మళ్లీ, "కాఫీ తాగావా?" అన్నారు. తాగానన్నాను, కప్పు నిండుగానే ఉంది.

ఇప్పుడు మనల్ని నలుగురిలో నిలబెట్టి తిట్టేవాళ్లెవరూ లేరు. మూసిన సొరుగు మళ్లీ తెరిచేవాళ్లూ వాళ్లతోనే పోయారు. బందరులో ఏదో ఒక కౌంటరు వెనకనుంచి ఎవరైనా ఇంకొక్కసారి, మీ బావగారింట్లో క్యాలెండరు లేదా అని నన్ను అడిగితే బాగుండును.