మూడో గది గడప

మా గీతికది కరీంనగర్. జర్మనీలోని ఇల్మెనౌలో మాస్టర్స్ చేసి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద అక్కడే గార్చింగ్‌లో పాత కట్టడాల నమూనాలు కంప్యూటర్లో తయారుచేసే ఆఫీసులో చేరింది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఎంగిలి గిన్నె సింకులో రెండ్రోజులు నానినా పట్టించుకోదు గానీ, కంప్యూటర్ తెర మీద చిన్న మరక కనిపిస్తే ఓర్వలేదు మహాతల్లి.

ఆమె చేతికొచ్చిన మొదటి పని తుర్కియేలోని ఒక ఒట్టోమన్ మదరసా. నాలుగు వందల ఏళ్ల నాటి రాతి బడి. మధ్యలో ముంగిలి, చుట్టూ విద్యార్థుల గదులు, గదికో చిన్న గుమ్మటం, గదికో పొగగొట్టం. పాఠాలు చెప్పే హాలుకు మాత్రం పెద్ద గుమ్మటం. మదరసాలు మూతపడ్డాక అది కొన్నాళ్లు ధాన్యం కొట్టుగా, తర్వాత గ్రంథాలయంగా బతికింది. లేజర్ యంత్రం దాన్ని కోట్ల చుక్కలుగా కొలిచి పంపితే, మధ్యలో పడ్డ మనుషుల్నీ పిల్లుల్నీ తుడిచేయడం గీతిక పని. మూడో గది గడపలో ఒక ముసలాయన ఎప్పుడు చూసినా టీ గ్లాసుతో కూర్చునే ఉండేవాడట. తాత లేవడం లేదని విసుక్కుంటూ తీసేసింది. పని పూర్తయ్యాక ఆఫీసువాళ్లు అసలు ఫైళ్లూ తీసేశారు.

2023 ఫిబ్రవరిలో భూకంపం వచ్చి మదరసా కూలిపోయింది. ఫోన్‌లో ఆ రాళ్ల కుప్పను ఇద్దరం చూశాం.

కొద్ది రోజులకు డెగ్గెన్‌డార్ఫ్ అనే జర్మన్ ఊరి నుంచి ఎమినే అనే తుర్కియే ఆవిడ గీతిక ఆఫీసుకు వచ్చింది. వాళ్ల నాన్న ఆ మదరసా కాపలాదారు. భూకంపంలో ఆయనా పోయాడు, ఫొటోలతో సహా ఇల్లూ పోయింది. నాన్న మూడో గది దగ్గరే కూర్చునేవాడు, మీ స్కానులో ఎక్కడైనా పడ్డాడా అని అడిగింది.

గీతిక బయటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఆయన్ని నేనే తుడిచేసిన అక్కా. ఇప్పుడు ఆమెకు ఏం జెప్పాలె?"

ఉన్నదున్నట్టు చెప్పమన్నాను.

చెప్పిందట. ఎమినే, కనీసం ఆ గదైనా చూపించమంది. ఆయన అడ్డుగా కూర్చోవడంతో వెనక తలుపుకు లేజర్ తగల్లేదు. ఖాళీగా మిగిలిన ఆ చోట గీతికే అతుకు వేసింది. ఇప్పుడు ఆ అతుకు తీసింది. తలుపు మీద నల్లగా ఒక తల, వంగిన వీపు, గ్లాసు పట్టుకుని ముందుకు చాచిన చెయ్యి బయటపడ్డాయి.

ఎమినే తెర దగ్గరికి జరిగి చూసింది.

"నాన్న టీ ఇంకా తాగలేదు," అంది.